ఆలోచనకు వంతులు వేసుకున్న ఇల్లు

చెరకు తోటల మధ్య గుమ్మడిపాలెం అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, గంగునాయుడి ఇంట్లో ఉందని చెప్పేవాళ్ళు నలుగురు. ఆ నలుగురూ గంగునాయుడి ఇంట్లోవాళ్ళే. గంగునాయుడు, పెళ్ళాం నూకాలమ్మ, తమ్ముడు పోలినాయుడు, తల్లి బంగారమ్మ.

వాళ్ళ తెలివంతా వంతుల్లో ఉంది. గంగునాయుడి తండ్రి పోతూ పోతూ, "ఏ బరువూ ఒక్కడి మీద ఎయ్యకండి, అన్నీ వంతులేసుకోండి" అని చెప్పి కన్ను మూశాడు. అంతే. నీళ్ళు తోడటానికి వంతు, గేదెను తోలడానికి వంతు. ఇక్కడిదాకా బాగానే ఉంది. పోలినాయుడికి చలిజ్వరం వచ్చినప్పుడు కషాయానికి కూడా వంతులేశారు. ఒక పూట గంగునాయుడు, ఒక పూట నూకాలమ్మ, ఒక పూట బంగారమ్మ తాగాక గాని జ్వరమున్నవాడికి గుక్క దక్కేది కాదు. వాడు లేచి కూర్చునేసరికి చాలా ఆలస్యమైంది గాని, మిగతా ముగ్గురూ ఆ ఏడాదంతా దుక్కల్లా ఉన్నారు. "సూసారా, ఒక్కడికి జొరమొస్తే ముగ్గురం బాగుపడ్డాం" అని ఊరంతా చెప్పుకుని మురిసిపోయారు.

నవ్వకండి. ఉప్పు ఎవరెయ్యాలో తేలక, వచ్చినవాడల్లా ఒక గుప్పెడు వేసిన పెళ్ళి పులుసు మనమూ తిన్నాం. తిని, బాగుందని కూడా అన్నాం.

గంగునాయుడికి ఊళ్ళో పెద్ద పనే ఉంది. చెరకు రసం పెనంలో తెర్లి బెల్లమయ్యేటప్పుడు పాకం చూసేవాడు అతనే. పాకం కుదిరిందనిపించగానే చేతిలో తెడ్డు పైకెత్తుతాడు. తెడ్డు లేచిందంటే మాటల్లేవు, కాచుక్కూర్చున్న మనుషులు పెనం దించి చెక్క తొట్టిలో ఒంపేస్తారు. కాస్త ముందెత్తితే జిగురు, కాస్త వెనకెత్తితే మాడు. తాత నాటి నుంచి ఆ తెడ్డు ఆ ఇంటిదే. అమ్మవారి పండక్కి ఊరంతా పంచే బెల్లం కూడా ఆ తెడ్డు కిందే కావాలి. ఇంట్లో ఇంకేం పోయినా గంగునాయుడు తట్టుకుంటాడు గాని, ఆ తెడ్డు పోతే మాత్రం మనిషి దక్కడు.

అలాంటివాడికి ఒక పొద్దుట పెనం ముందు నిలబడి ఉండగా ఒక ఆలోచన వచ్చింది. "ఇప్పుడిది రసం. కాసేపటికి బెల్లం. మరి రసం ఎప్పుడెల్లిపోతన్నాది? బెల్లం ఎప్పుడొస్తన్నాది? ఒకటెల్లేటప్పుడు ఇంకోటి ఎదురవ్వాల గదా, దారిలో పలకరించుకుంటాయేటి?"

ఆ పలకరించుకునే క్షణం చూద్దామని రెప్ప వెయ్యకుండా నిలబడ్డాడు. కళ్ళు మండాయి, నీళ్ళు కారాయి, రెప్ప పడిపోయింది. "అదిగో, నాను రెప్పేసినప్పుడే పని కానిచ్చేసినాయి!" అని నొచ్చుకుని ఇంకో పెనం పెట్టించాడు. ఈసారి రెప్పలు పడిపోకుండా రెండు చేతుల వేళ్ళతో లాగి పట్టుకున్నాడు. చేతులు రెండూ కళ్ళ దగ్గరుంటే తెడ్డెవరెత్తుతారు? ఇంకేముంది, పెనం మాడి బొగ్గయింది. ఆ పొగ చూసి పక్కూరివాళ్ళు ఇళ్ళంటుకున్నాయనుకుని నీళ్ళ కడవలతో పరిగెత్తుకొచ్చారు.

ఊరిపెద్ద సూర్నాయుడు తల పట్టుకున్నాడు. "ఏటైందిరా గంగూ నీకు? పాకం సూడమంటే పెనంలో నీ మొకం సూసుకుంటన్నావేటి? ఎక్కువ ఆలోసించీకు, పిచ్చెక్కిపోతాది. పండగ దగ్గరకొచ్చేసింది. ఈలోగా బాగుపడితే సరే. లేదా, తెడ్డు ఇంకో ఇంటికిచ్చేస్తాం."

గంగునాయుడు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. భయమేసింది. భయంతో పాటు, చెప్పుకోకూడదు గాని, కాస్త గర్వంగా కూడా ఉంది. పిచ్చెక్కాలంటే ముందు అక్కడ బుర్రుండాలి కదా. బంగారమ్మకీ అదే అనిపించింది.

"పక్కింటి ఈరన్నకి ఎక్కమను సూద్దాం పిచ్చి! ఎక్కడానికి ఆడికాడ ఏటున్నాది? నా కొడుక్కాబట్టి ఎక్కతన్నాది" అని కొడుకు తల నిమిరింది.

అంతే, గంగునాయుడికి మళ్ళీ ఆలోచన పట్టుకుంది. పిచ్చోడికి తను పిచ్చోడినని తెలుస్తుందా? తెలిస్తే వాడు పిచ్చోడు కాదు. నాకు తెలియదు. అంటే నేను పిచ్చోణ్ణి. ఇదిగో, ఇప్పుడు తెలిసిపోయింది కాబట్టి కాదు. కాదని తెలిసింది కాబట్టి మళ్ళీ... ఇలా అనుకుంటూ నట్టింట్లో స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆలోచన ఎటు తిరిగితే తనూ అటే తిరిగాడు. చివరికి కళ్ళు తిరిగి, స్తంభాన్ని కౌగిలించుకుని, "ఒలే నూకాలూ, ఇల్లాపవే, ఇల్లాపు!" అని కేకలు పెట్టాడు. నూకాలమ్మ నిజంగానే వెళ్ళి గోడకు భుజం ఆనించి ఇంటిని ఆపింది.

మర్నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని పొరుగూరి వైద్యులు ఆచారిగారి దగ్గరికి వెళ్ళింది. ఆచారిగారు నాడి చూశారు, నాలుక చూశారు, కథంతా విని మీసాల చాటున నవ్వుకున్నారు.

"నీకేం జబ్బు లేదు నాయుడూ. బరువంతా ఒక్క బుర్రలో పెట్టుకుంటే ఎలా? ఇంట్లో నలుగురున్నారు కదా, ఆలోచనలు తలా కాస్త పంచుకోండి. మరీ ముంచుకొస్తే కాసిని మంచినీళ్ళు తాగి పక్కన పెట్టెయ్యి."

పంచుకోవడం అన్న మాట వినగానే నూకాలమ్మ మొహం వెలిగిపోయింది. "ఓలమ్మ, మన బుద్ధికి ఇన్నాళ్ళూ తట్టనేదు! అన్నిటికీ వంతులేసినాం, ఆలోసనకెయ్యడం మరిసిపోనాం!" అంది.

ఇంటికి రాగానే నలుగురూ కూర్చుని పంపకాలు చేసుకున్నారు. నిప్పు గురించిన ఆలోచనంతా పోలినాయుడికి. తిండి ఆలోచన నూకాలమ్మకి. పాకం ఆలోచనే అసలు రోగం తెచ్చింది గనక దాన్ని పెనానికి ఎంత దూరంగా పెడితే అంత మంచిదని, వాకిలి దాటని బంగారమ్మకిచ్చారు. గంగునాయుడి బుర్ర నీరసంగా ఉంది, తేలికపాటిది ఏదైనా ఇవ్వాలి. వెతికి వెతికి ఈగలిచ్చారు. ఒకరి ఆలోచన ఇంకొకరు ముట్టుకోకూడదని చేతిలో చెయ్యి వేసుకున్నారు.

ఆ పూట నూకాలమ్మ పొయ్యి మీద అన్నం పెట్టింది. కాసేపటికి మాడు వాసన వచ్చింది. అన్నం తన వంతే గాని, మాడ్చేది నిప్పు. నిప్పు పోలినాయుడి వంతు. పోలినాయుడు పొలంలో ఉన్నాడు. నూకాలమ్మ పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, అన్నం నల్లబడుతుంటే ఓపిగ్గా చూసింది. పోలినాయుడు వచ్చి, చేతులు కడుక్కుని, పొయ్యి వైపు చూసి, కాస్త ఆలోచించి, "వొదినా, మంట తగ్గించాల" అన్నాడు. "సూసారా అత్తా, మరిది ఎంత బాగా ఆలోసించినాడో!" అని నూకాలమ్మ మెచ్చుకుంది. నలుగురూ మసి తిన్నారు. గంగునాయుడు మాత్రం అన్నం మీద ఈగ వాలలేదని సంతోషించాడు. వాలడానికి ఈగకేం ఖర్మ?

ఇంతలో గేదె పలుపు తెంచుకుని ఈరన్న చిక్కుడు పాదులో పడింది. నలుగురూ గుమ్మంలోకి వచ్చి వరసగా నిలబడి చూశారు. పంపకాల్లో గేదెను మరిచిపోయారు మరి. అది ఎవరి ఆలోచన?

"ఓరి నాయనో, నా పాదు! నిలబడి సూస్తారేట్రా, తోలుకెల్లండి!" అని ఈరన్న మొత్తుకున్నాడు.

"ఉండు ఈరన్నా, తొందరపెట్టీకు. దీని మీద ఎవలు ఆలోసించాలో ముందు తేల్చుకోనీ" అన్నాడు పోలినాయుడు.

తేల్చుకున్నారు. గేదె పెద్దది, ఒకరివల్ల కాదు. ముందు సగం పోలినాయుడికి, వెనక సగం బంగారమ్మకి. పోలినాయుడు గేదె తల గురించి ఆలోచించి, ఇంటికి తోలడం మంచిదని కొమ్ములు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. బంగారమ్మ తోక గురించి ఆలోచించింది. పాపం ఆకలి మీదున్నట్టుంది, మేయనిస్తే మంచిదనిపించింది. తోక పట్టుకుని వెనక్కి లాగింది. గేదె మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి, ఎవరి మాటా వినకుండా కోటలోని తులసి మొక్కను తినేసింది.

ఇవన్నీ ఎలా ఉన్నా, గంగునాయుడి ప్రాణానికి మాత్రం హాయిగా ఉంది. అరుగు మీద కూర్చుని ఈగల గురించి ఆలోచించుకుంటున్నాడు. అయితే గొప్ప బుర్ర కదా, ఊరికే ఉంటుందా? ఈగ వాలగానే ముందు కాళ్ళు రెండూ రుద్దుకుంటోంది. దండం పెడుతోంది కాబోలు. ఎవరికి? నాకేనా? నాకైతే, నేనేం చేశాను? ఈగ మొక్కేంత మనిషినా నేను? మొక్కిన దాన్ని నిన్న విసనకర్రతో కొట్టానే!

గంగునాయుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నూకాలూ, మళ్ళీ ముంచుకొస్తన్నాది!"

నూకాలమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాడు. ఆచారిగారు చెప్పినట్టు ఆలోచనను రెండు చేతులతో జాగ్రత్తగా తీసి అరుగు మీద పక్కన పెట్టాడు. ఇంకో ఆలోచన వచ్చింది. ఇంకో చెంబు. ఇంకోటి. ఇంకో చెంబు. చివరికి బయటికి వెళ్ళిరావాలన్న ఆలోచన వచ్చింది. దానికీ ఒక చెంబు తాగాడు. అది మాత్రం పక్కన పెడితే ఆగేది కాదు. దొడ్డివైపు పరిగెత్తాడు.

అతను తిరిగొచ్చేసరికి ఊరిపెద్ద సూర్నాయుడు వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గంగునాయుడు గుండె బాదుకున్నాడు.

"లెగండి బాబూ, లెగండి! నా ఆలోసనల మీద కూసున్నారు! మీకెక్కిపోగలవు!"

సూర్నాయుడు ఉలిక్కిపడి లేచి పంచె దులుపుకున్నాడు. దులుపుకున్నాక ఎందుకు దులుపుకున్నానా అని సిగ్గుపడ్డాడు. "ఒరే గంగూ, నీతో నాకూ ఎక్కేలాగున్నాది. ఇయ్యాల ఒక పెనం పెట్టిస్తన్నాను. అది కుదిరితే పండగ పెనం నీదే. చెడితే తెడ్డు అక్కడే దించేసి పోవాల" అని చెప్పి వెళ్ళిపోయాడు.

గంగునాయుడు బెల్లం వండే పాక దగ్గరికి వెళ్తూ దారంతా తెడ్డును గుండెకు హత్తుకున్నాడు. తాతది, తండ్రిది. నా చేతిలో పోతుందా? నా అంత తెలివైనవాడు మా ఇంట్లో పుట్టలేదు, ఆ తెలివే నన్ను ముంచుతోందా? ఇలా అనుకుంటూ ఏడుపు దిగమింగుకున్నాడు.

పెనం ఎక్కింది. ఊరంతా చుట్టూ మూగింది. పోలినాయుడు పొయ్యి ముందు కూర్చుని నిప్పు గురించి ఆలోచిస్తున్నాడు. నూకాలమ్మ రసం తిండి కిందికే వస్తుందని పక్కన నిలబడింది. గంగునాయుడు తెడ్డు పట్టుకుని ఈగలు చూస్తున్నాడు. పాకం ఆలోచన ఇంటి దగ్గర బంగారమ్మది. అందుకని నూకాలమ్మ ఇంటికి పరిగెత్తింది.

"అత్తా, పాకం వొచ్చినాదా?"

"నాకేటి తెల్సు? సూడందే ఎలా ఆలోసిస్తాను? తే" అంది బంగారమ్మ.

నూకాలమ్మ పాకకు పరిగెత్తి గరిటెడు పాకం పట్టుకుని మళ్ళీ ఇంటికి పరిగెత్తింది. బంగారమ్మ వేలు ముంచి చూసింది. "ఇంకా రానేదు" అంది. నూకాలమ్మ ఆ కబురు పట్టుకుని వచ్చేసరికి పెనం బుడగలు కక్కుతోంది. మళ్ళీ గరిటెడు పట్టుకుని పరిగెత్తింది. దారిలో ఈరన్న కనబడి చిక్కుడు పాదు సంగతి అడిగితే నిలబడి సమాధానం చెప్పింది. ఇంటికి చేరేసరికి గరిటెలో పాకం రాయైంది. బంగారమ్మ దాన్ని కొరికి, ఉన్న పన్ను కాస్తా ఊడగొట్టుకుని, "ఆలస్యమైపోనాది, ఎప్పుడో దించాల్సింది!" అని తీర్పు చెప్పింది.

ఇక్కడ పాకలో గంగునాయుడి పని నరకంగా ఉంది. బుడగలు చిన్నబడ్డాయి. వాసన మారింది. తెడ్డు బరువెక్కింది. ఇదే, ఇదే అని ఒళ్ళంతా చెబుతోంది. కాని అది అమ్మ ఆలోచన, ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పిచ్చెక్కుతుంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఈగ, ఈగ, ఈగ అనుకున్నాడు.

అలా అనుకుంటూ ఉండగానే చెయ్యి దానంతటది తెడ్డు పైకెత్తేసింది.

అంతే. కాచుకున్న మనుషులు పెనం దించేశారు. తొట్టిలో ఒంపారు. చల్లారాక చూస్తే బంగారు రంగు బెల్లం, విరిస్తే ఇసకలా రాలుతోంది. జనం కేకలతో పాక దద్దరిల్లిపోయింది.

గంగునాయుడు కళ్ళు తెరిచి హడలిపోయాడు. "నాను ఆలోసించనేదు బాబూ! ఒట్టు! ఈగల్లో ఉన్నాను. ఈ సెయ్యే ఎత్తేసింది" అని ఆ చేతికి ఇంకో చేత్తో ఒక్కటిచ్చుకున్నాడు.

"దాన్ని కొట్టకురా, ఆ సెయ్యే నీకు అన్నం పెడతన్నాది!" అని సూర్నాయుడు పడీ పడీ నవ్వాడు. "తెడ్డు నీదే. రేపు అమ్మవారి పెనం కూడా నువ్వే సూడు. కాని ఒక్క మాట. నువ్వొక్కడివే రా. నీ బుర్రని మాత్రం ఇంటికాడే వొదిలేసి రా."

ఊరంతా నవ్వింది. ఆ ఇంటివాళ్ళు నవ్వలేదు. ఊరిపెద్ద మాట. పైగా తెడ్డు సంగతి.

మర్నాడు పొద్దున్నే బుర్ర వదిలే పని మొదలైంది. "అన్నియ్యా, బుర్ర ఇంట్లో ఉండాల, ఒళ్ళు బయటుండాల. అంతేగదా?" అని పోలినాయుడు కిటికీ చూపించాడు. గంగునాయుడు వీధిలో నిలబడి రెండు ఊచల మధ్య నుంచి తల లోపలికి దూర్చాడు. చెవులు కాస్త గీసుకుపోయాయి గాని, తల ఇంట్లోకి చేరింది.

"సేరినాది. ఇప్పుడు ఒంటిని ఎల్లమను" అంది లోపలి నుంచి తల.

ఒళ్ళు కదల్లేదు. "కొత్త గదా, బెదురు" అంది నూకాలమ్మ. పోలినాయుడు ఒంటి వీపు తట్టి, "ఎల్లు, పెనం పెట్టేస్తారు, బేగి ఎల్లు" అని నచ్చజెప్పాడు. ఊహూ. కాళ్ళు పట్టుకుని లాగాడు. లోపల తల గావుకేక పెట్టింది. పోనీ తల బయటికి తీద్దామంటే చెవులు ఊచలకు అడ్డం పడి రాలేదు. అవతల పాకలో డప్పులు మొదలయ్యాయి. అమ్మవారి పెనం పొయ్యెక్కిందన్నమాట.

"తెడ్డు! నా తెడ్డు పోతాదే నూకాలూ!" అని తల లోపల ఏడ్చింది. బయట చేతులు గాలిలో తెడ్డు తిప్పాయి.

ఇంకేముంది, పోలినాయుడు గునపం తెచ్చాడు. మట్టిగోడను నాలుగు పోట్లు పొడిచాడు. కిటికీ చట్రంతో సహా ఊడొచ్చింది. దాని వెనకే గోడా వచ్చింది. గోడ మీద ఆనిన పైకప్పు కూడా ఒక పక్కకి ఒరిగింది. దుమ్ములోంచి గంగునాయుడు మెడలో కిటికీతో, చేతిలో తెడ్డుతో లేచి, పాక వైపు పరుగందుకున్నాడు. కిటికీ రెక్కలు రెండూ అటూ ఇటూ టపటపా కొట్టుకుంటూ ఉంటే వీధిలో కుక్కలు దారిచ్చాయి.

పెనం దగ్గరికి సరిగ్గా సమయానికే వచ్చాడు. కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి దాని పని అది చేసుకుంది. తెడ్డు లేచింది, పెనం దిగింది. నిన్నటికన్నా మంచి బెల్లం. జనం అమ్మవారికి జేజేలు కొట్టారు.

సూర్నాయుడు మాత్రం నోరు తెరుచుకుని కిటికీనే చూస్తున్నాడు. "ఒరే గంగూ... బుర్ర ఇంటికాడ వొదిలేసి రమ్మన్నాను గదరా?"

"వొదిలేసే వొచ్చాను బాబూ" అన్నాడు గంగునాయుడు, ఊచల అవతలి నుంచి వినయంగా. "సూడండి, కిటికీ లోపలే భద్రంగా ఉన్నాది. ఇంక పిచ్చెక్కడానికి దారి నేదు."

సూర్నాయుడు తెడ్డు నీదేలేరా అని చెయ్యూపాడు. గంగునాయుడు కొండంత సంతోషంతో అక్కడే కూర్చున్నాడు. ఇంత బుర్ర పెట్టుకుని ఎంత తేలిగ్గా బయటపడ్డాను అని తనలో తనే నవ్వుకున్నాడు. కొత్త బెల్లం ముక్క నోట్లో వేసుకోబోయి, ఉన్నట్టుండి ఆగిపోయాడు. మొహం పాలిపోయింది.

"మరైతే... నాను ఇప్పుడు ఇంట్లో ఉన్నట్టా, బయట ఉన్నట్టా? లోపలుంటే ఈలంతా మా ఇంటికొచ్చినట్టా? బయటుంటే... ఒలే నూకాలూ! ఆలోసనొస్తన్నాది! బేగి తలుపులెయ్యి!"

నూకాలమ్మ జనంలోంచి పరిగెత్తుకొచ్చి, మొగుడి మొహం ముందు కిటికీ తలుపులు రెండూ దగ్గరగా వేసి గడియ పెట్టింది.